మట్టి చేసిన ఆడపిల్ల
(గ్రీకు నాటకాల అనువాదంపై ప్రసంగ పాఠం)



గ్రీకు నాటకం మనకెందుకని అప్పుడే అడగొద్దు. ముందు కథ వినండి. క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్సులో సొఫోక్లీస్ రాసిన 'యాంటిగని' ఇది. థీబ్స్ గద్దె కోసం అన్నదమ్ములిద్దరూ ఒకర్నొకరు పొడుచుకుని చస్తారు. కొత్త రాజు క్రెయాన్ వాళ్ల మేనమామే. ఒక శవానికి గౌరవాలన్నీ జరిపిస్తాడు. రెండో శవాన్ని కుక్కలకీ గద్దలకీ వదిలేయమంటాడు. పూడ్చినోళ్లకి చావే శిక్ష. తోడబుట్టిన యాంటిగని వినదు. పోయి ఆ శవం మీద ఇంత దుమ్ము చల్లి వస్తుంది.

దీన్ని మన పండితులు ఏమని రాస్తారు? 'ఉత్తరక్రియలు' అని రాస్తారు. ఆ మాట రాగానే వెనకాలే పురోహితుడూ మంత్రమూ వచ్చి కూర్చుంటాయి. అక్కడున్నదేమో ఒక ఆడపిల్ల, చేతిలో ఎండు మట్టి, ఒక కంచు చెంబు. అంతే! మన వాడల్లో దీనికి మాట ఉంది: మట్టి చేయడం. ఇంతకన్నా సరైన మాట ఏ నిఘంటువులో ఉంది? 1991లో చుండూరులో చంపేసిన మనవాళ్లని ఊరి నడుమనే మట్టి చేసి, ఆ నేలని రక్తక్షేత్రం అన్నాం. శవం ఎక్కడ పూడ్చాలన్నది అధికారంతో తగాదా అని మనకి ఒకరు చెప్పాలా?

వరసలు కూడా మనకే బాగా తెలుసు. యాంటిగనికి నిశ్చయమైన హేమన్ క్రెయాన్ కొడుకే, అంటే మేనబావ. ఇంగ్లీషువాడికి ఇది వింత, మనకి మామూలు. జనం చీకట్లో గొణుక్కుంటున్నారు, వాళ్ల మాట విను అని తండ్రికి చెప్పేది అతనే. కోరస్ అంటే అక్కడి ముసలివాళ్లు. వాళ్లని 'పెద్దమనుషులు' అందాం. తప్పని తోస్తున్నా చాలాసేపు రాజుకి తలూపుతారు కాబట్టి ఆ పేరు అతుకుతుంది.

ఇక కాపలావాడు. శవం మీద మట్టి పడిందన్న కబురు మోయడానికి చీటీలో తన పేరొచ్చి, పోదామా వెనక్కి తిరుగుదామా అని దారి పొడుగునా ఆగి ఆగి వస్తాడు. చెప్పీ చెప్పగానే రాజు ఏమంటాడు? లంచం తిన్నావంటాడు! వాడి చేత గ్రాంథికం పలికిస్తే నాటకం అక్కడే చచ్చింది.

దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపం జైల్లో నల్లజాతి ఖైదీలు ఈ నాటకం ఆడారు. మండేలా వేసింది రాజు వేషం! 1973లో ఫుగార్డ్, కానీ, న్ట్షోనా కలిసి తయారుచేసిన 'ది ఐలాండ్' కూడా అలాంటి జైలు ప్రదర్శన గురించే.

అయినా దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. చనిపోయింది అన్న, బానిస కాదు గదా అని యాంటిగనే వాదిస్తుంది. ఏథెన్సు బానిసల మీద నడిచిన ఊరు. ఈ 'బానిస'ని 'సేవకుడు' అని మెత్తబరిచే అలవాటు అనువాదకులకి పాతదే. 2017లో ఎమిలీ విల్సన్ హోమర్ 'ఒడిస్సీ'ని ఇంగ్లీషు చేసినప్పుడు, చాలామంది పనిమనుషులన్న చోట బానిసలనే రాసింది. మనమూ అట్లాగే రాయాలి. చదివే పిల్ల అక్కడ ఆగాలి. మరి బానిస శవానికి మట్టి ఎవరు చేశారని అడగాలి.

కాపలావాడి మాటలు ఇప్పుడు మన కుర్రాళ్లు చదువుతారు. నోరు తిరగని చోట ఆపి చెప్పండి, మారుద్దాం.