చదువుకుంటే సాయం ఆగుతుందా? - పన్నెండు నెలల నిబంధన

(గత నెల మన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. కొద్దిగా కుదించాను.)



ఈ సమావేశాల్లో నేను మైకు పట్టుకుంటే హెచ్1బి గురించో, గ్రీన్ కార్డు క్యూ గురించో అనుకుంటారు. ఇవాళ వెల్ఫేర్ గురించి అనగానే వెనక వరసలోంచి ఒక మిత్రుడు "అది మన సబ్జెక్టు కాదు కదండీ" అన్నారు. రెండేళ్ళ క్రితం నేనూ అదే అనేవాణ్ణి.

ఏడాదిన్నర క్రితం మన వాలంటీర్ల ద్వారా ఒకావిడ పరిచయమయ్యారు. పేరు, ఊరు చెప్పను. బి.కాం. చదివారు. పెళ్ళయ్యాక హెచ్4 మీద ఇక్కడికి వచ్చారు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు దాటాక భర్త ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. పిల్లలు ఇద్దరు, ఒకరికి ఏడేళ్ళు, ఒకరికి పదేళ్ళు. ఎప్పుడూ ఉద్యోగం చేసిన మనిషి కాదు. కౌంటీ ఆఫీసుకి వెళ్ళి నగదు సాయానికి అప్లై చేశారు. ఆ సంగతి తెలిసి మనవాళ్ళే ఇద్దరు ముగ్గురు "ఇంక నీకు సిటిజన్‌షిప్ రాదమ్మా" అని భయపెట్టారు. సిటిజన్‌షిప్ దరఖాస్తులో పబ్లిక్ చార్జ్ పరీక్ష అనేదే లేదు. నేను చెప్పేదాంట్లో మిగతాది మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు విషయం. 1996 ఆగస్టులో ప్రెసిడెంట్ క్లింటన్ సంతకం చేసిన చట్టంతో పాత వెల్ఫేర్ పోయి టాన్ఫ్ వచ్చింది. ఫెడరల్ డబ్బుతో ఇచ్చే సాయానికి జీవితం మొత్తానికి 60 నెలల పరిమితి పెట్టారు. సాయం తీసుకునే తల్లో తండ్రో వారానికి ఇన్ని గంటలు "పని"లో ఉండాలి. ఒంటరి తల్లికి ఆరేళ్ళలోపు బిడ్డ ఉంటే 20 గంటలు, లేకపోతే 30. వృత్తివిద్యా కోర్సు కూడా పని కిందే లెక్క. కానీ ఒక మనిషికి మొత్తం జీవితంలో 12 నెలలు మాత్రమే. లెక్కలో పడిన నెల మళ్ళీ తిరిగి రాదు.

ఆ 12 నెలలు దాటాక ఏమవుతుంది? 30 గంటల్లో 20 గంటలు ఉద్యోగం లాంటి పని చేసి తీరాలి. చదువు మిగతా 10 గంటలకే పనికొస్తుంది. చిన్నబిడ్డ తల్లి విషయంలో మొత్తం ఉన్నవే 20 గంటలు కాబట్టి, ఇంక చదువుకి ఒక్క గంట కూడా దక్కదు.

ఈవిడకి మొదట ఒక ఆఫీసు కోర్సు దొరికింది. ఐదు నెలలది. టైపింగు, ఎక్సెల్, ఫైలింగు. "ఖాళీగా కూర్చోకండి, ఏదో ఒకటి మొదలుపెట్టండి, తరవాత చూసుకుందాం" అని సలహా ఇచ్చింది నేనే. పన్నెండు నెలల సంగతి అప్పటికి నాకు తెలీదు. చెప్పవలసిన ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. ఆ కోర్సుతో ఉద్యోగం రాలేదు. తరవాత కమ్యూనిటీ కాలేజీలో ప్రాక్టికల్ నర్సు కోర్సులో సీటు వచ్చింది. అది ఏడాది కోర్సు. పన్నెండులోంచి ఐదు పోతే ఏడు. అంటే చివరి ఐదు నెలలు లెక్కలోకి రావు.

ఆ ఐదు నెలల్లోనే ఇప్పుడున్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసులు, హాస్పిటల్లో క్లినికల్ డ్యూటీలు. శని, ఆదివారాలు నర్సింగ్ హోమ్‌లో సహాయకురాలిగా పదేసి గంటలు. పిల్లలు వారాంతాల్లో మన వాలంటీర్ల ఇళ్ళలో ఉంటున్నారు. ఒక వారం గంటలు తగ్గితే సాయం కోస్తారు. చాలా రాష్ట్రాల్లో కుటుంబం మొత్తానికీ ఆపెయ్యవచ్చు, పిల్లల వాటాతో సహా. జీతం వచ్చేకొద్దీ నగదు ఎలాగూ తగ్గుతుంది, అది వేరే సంగతి.

నేను ఎఫ్1 మీద ఎం.ఎస్. చేసినప్పుడు నా భయం ఒకటే, క్రెడిట్లు తగ్గితే వీసా పోతుందని. ఆవిడకి చదువు ఎక్కువైతే సాయం పోతుంది. అదే దేశం, రెండు రూల్సూ ఫెడరల్ ప్రభుత్వానివే. ఈ గదిలో ఎంతమందిమి రెండేళ్ళ చదువుతో జీవితం మార్చుకున్నామో చేతులెత్తమని అడగను, అందరం ఎత్తాలి.

నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణకి ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 75 గంటలు చాలు, వారాల్లో అయిపోతుంది. ప్రాక్టికల్ నర్సుకి సుమారు ఏడాది. రిజిస్టర్డ్ నర్సుకి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు. జీతాలు కూడా అదే వరసలో పెరుగుతాయి. ఈ నిబంధన మనిషిని మొదటి మెట్టు మీదే ఆపేసి, సాయం అవసరం తీరలేదేమని అడుగుతుంది.

కేస్‌వర్కర్ని తిట్టి లాభం లేదు. ఎక్కువ చదివితే నేరమని చట్టంలో లేదు. రాష్ట్రం చదవనివ్వవచ్చు, కానీ ఆ మనిషి రాష్ట్రం చూపించాల్సిన పని శాతంలో లెక్కకి రాదు. శాతం తగ్గితే రాష్ట్రానికి వచ్చే ఫెడరల్ గ్రాంటులో కోత. ఆ భయం పైనుంచి దిగి దిగి చివరికి ఆ తల్లి మీద పడుతుంది. మెయిన్ రాష్ట్రం 1997లోనే పేరెంట్స్ యాజ్ స్కాలర్స్ అనే పథకం పెట్టి, రెండేళ్ళ, నాలుగేళ్ళ డిగ్రీలు చదివే తల్లిదండ్రులకి రాష్ట్రం సొంత డబ్బుతో సాయం ఇచ్చింది. మనసుంటే దారి ఉందన్నమాట.

మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇలా కోర్సులో చేరబోతుంటే, ఫీజు కట్టకముందే పన్నెండులో ఎన్ని నెలలు వాడారో రాతపూర్వకంగా అడగమనండి. చిన్న కోర్సుకి ఆ నెలలు ఖర్చు పెట్టవద్దనండి. 2008 నుంచి ఇంట్లో చదివే సమయం కూడా, క్లాసు గంటకి ఒక గంట చొప్పున, లెక్కలోకి తీసుకోవచ్చు. అంత చదువు అవసరమని కాలేజీ నుంచి కాగితం తెచ్చుకుంటే మంచిది. ఫుడ్ స్టాంపులకి మరో చిక్కుంది. కాలేజీలో సగం కోర్సో అంతకన్నా ఎక్కువో చదివేవాళ్ళకి మామూలుగా రావు. కానీ 12 ఏళ్ళలోపు బిడ్డ ఉండి ఫుల్‌టైమ్ చదివే ఒంటరి తల్లికి మినహాయింపు ఉంది. అందుకే ఈవిడని ఫుల్‌టైమ్ వదలవద్దన్నాం. హెచ్4లో ఉన్నవాళ్ళకి ఈ నగదు సాయం రాదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి వాళ్ళ హక్కుగా రావచ్చు.

టాన్ఫ్ చట్టాన్ని పూర్తిగా సమీక్షించి పొడిగించింది చివరిసారి 2006లో. 2010 తరవాత అంతా చిన్న చిన్న పొడిగింపులే. పొడిగింపు వచ్చినప్పుడల్లా మన కాంగ్రెస్ సభ్యులకి ఒక్క మాట రాయవచ్చు: పన్నెండుని ఇరవైనాలుగు చెయ్యండి అని. గ్రీన్ కార్డు బిల్లుకి మనం ఎన్ని ఫోన్లు చేశామో నాకు తెలుసు, లిస్టు నా దగ్గరే ఉంది. ఉత్తరం నమూనా బయట టీ టేబుల్ మీద పెట్టాను. దాని పక్కనే ఇంకో కాగితం ఉంది, వచ్చే రెండు నెలల శని, ఆదివారాలు పిల్లల్ని చూసుకోవడానికి. మూడు వారాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి.