కుర్చీ దక్కింది, మరి లెక్క అడగొద్దా?



భద్రాచలం అడవి అంచున కూర్చుని యుద్ధ విమానాల కంపెనీ సంగతి మనకెందుకని అనుకోవచ్చు. కానీ అది మనకంత దూరంలో లేదు. సైన్యాలు వాడే సి-130జె రవాణా విమానాల తోక భాగాలు హైదరాబాదు పక్కన ఆదిభట్లలోనే తయారవుతున్నాయి. టాటాలతో కలిసి అమెరికా కంపెనీ లాక్‌హీడ్ మార్టిన్ పెట్టిన కర్మాగారమది.

ఆ అమెరికా కంపెనీని 2013 నుంచి 2020 దాకా నడిపింది ఒక స్త్రీ, మారిలిన్ హ్యూసన్. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడే తండ్రి పోయాడు. తల్లి ఒక్కతే అయిదుగురు పిల్లల్ని పెంచింది. 1983లో ఇంజనీరుగా చేరిన హ్యూసన్, మగవాళ్ల కోటలాంటి ఆ పరిశ్రమలో ముప్పయ్యేళ్లకు పైమెట్టు ఎక్కింది. ఆ కష్టాన్ని మనం తక్కువ చేయం. ఒంటరి తల్లులు మన గూడేల్లోనూ ఉన్నారు.

అయితే 2018 ఆగస్టు 9న యెమెన్‌లో పిల్లలున్న బస్సుపై సౌదీ కూటమి బాంబు వేసింది. 40 మంది పిల్లలు చనిపోయారు. అది లాక్‌హీడ్ మార్టిన్ తయారుచేసిన బాంబేనని ఆయుధ నిపుణులు గుర్తించినట్లు సి.ఎన్.ఎన్. వెల్లడించింది. ఆ పిల్లలకూ తల్లులున్నారు.

కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన బాంబు మెత్తబడదు. అలాగని కుర్చీ వద్దనడం లేదు. పంచాయతీలో, ఐటీడీఏలో మన ఆడవాళ్లకు పదవులు రావాలి, అందుకు పోరాడదాం. వచ్చాక, ఆమె సంతకంతో ఎవరి భూమి పోతున్నదో కూడా అడుగుదాం. భూసేకరణకు ముందు సంప్రదింపులు జరగాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. గ్రామసభలో లేచి అడిగే గొంతు మనదే కావాలి.