కోర్సుకు అప్పు ఇచ్చే ముందు ఏ సర్టిఫికెట్టో అడుగుదాం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, రికవరీ లెక్కలు ఇంతవరకు విన్నారు. నేను ఒక్క అప్పు గురించే మాట్లాడతాను. ఈ మధ్య మన సంఘాల్లో కొత్త రకం అప్పు అడుగుతున్నారు. గేదెకు కాదు, శెనక్కాయ విత్తనాలకు కాదు. "మా పిల్లోడు కంప్యూటర్ కోర్సు చేస్తాడంట, సర్టిఫికెట్ ఉంటే బెంగళూర్లో ఐటీ సపోర్ట్ ఉద్యోగం వస్తుందంట" అని. మంచిదే. వానను నమ్ముకుని మనం పడింది చాలు. కానీ ఏ సర్టిఫికెట్టు అని మనం అడగడం లేదు. నేనూ అడగలేదు.

మా సంఘంలో ఒక అక్క 30 వేలు అడిగితే తీర్మానం మీద మొదటి సంతకం పెట్టింది నేనే. టౌన్లో ఒక సెంటరు, "ఉద్యోగం గ్యారంటీ" అని బోర్డు. మూడు నెలలకు పిల్లోడు రంగుల సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. బెంగళూర్లో ఇంటర్వ్యూకు పోతే దాన్ని పక్కన పెట్టి, "ప్రింటర్ పని చేయలేదని ఫోన్ వస్తే మొదట ఏం చూస్తావు?" అని అడిగినారంట. వాడు చెప్పలేకపోయినాడు. సెంటర్లో ఒక్క కంప్యూటరు కూడా విప్పి చూపలేదంట. ఆ అక్క ఇప్పటికీ కూలి డబ్బుల్తో కంతులు కడుతోంది. ఆమె కంతు తెచ్చినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు.

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చింది. ఇంకో సెంటరు, ఎం.సి.ఎస్.ఇ. కోర్సు, ఇంకో అప్పు. మన దిక్కు మొదటి బోరులో నీళ్ళు పడకపోతే ఇంకో అప్పు చేసి రెండో బోరు వేస్తాం గదా, అట్లా. ఈసారి నేను సంతకం పెట్టలేదు. నేను పదో తరగతి చదివినదాన్ని, ఇవి నాకు తెలియవు. అందుకే ఐటీఐ సార్లను, బెంగళూర్లో ఈ పని చేసే పిల్లలను అడిగినాను. ఆ ఎం.సి.ఎస్.ఇ.ని మైక్రోసాఫ్ట్ కంపెనీనే 2021 జనవరి 31తో ఆపేసిందంట. లేని సర్టిఫికెట్టుకు అప్పు ఇచ్చేవాళ్ళం!

వాళ్ళ దగ్గర తెలుసుకున్నది మీకు చెప్తాను.

ఐటీ సపోర్ట్ అంటే సాఫ్ట్‌వేర్ రాయడం కాదు. ఆఫీసులో కంప్యూటర్ ఆగినా, నెట్ రాకున్నా, పాస్‌వర్డ్ మర్చిపోయినా సరిచేసే పని. బ్యాంకుకు, ఆస్పత్రికి, కాలేజీకి, మన సచివాలయానికి కూడా ఈ పని అవసరమే. ఫోన్లో అవతలి మనిషికి ఓపిగ్గా చెప్పడం సగం పని. ఎం.ఎస్. ఆఫీస్, టైపింగ్ నేర్చుకుంటే ఈ పని రాదు. 80 గంటల సి.సి.సి. కోర్సు కూడా కంప్యూటర్ వాడడం నేర్పుతుంది, బాగుచేయడం కాదు.

పిల్లలు పదోతరగతి పాసై ఉంటే ఐటీఐలో కోపా ట్రేడు ఉంది. ఒక సంవత్సరం. సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, తర్వాత అప్రెంటిస్‌గా కూడా పోవచ్చు. ఇంట్లో కూచోబెట్టి చదివించే స్తోమత లేకపోతే డి.డి.యు.-జి.కె.వై. ఉంది. 2014లో మొదలైన ఈ పథకం మనలాంటి పల్లె పేద కుటుంబాల కోసమే. వయసు 15 నుంచి 35 ఏండ్లు, ఆడవాళ్ళకు 45 దాకా. ఫీజు లేదు. మన రాష్ట్రంలో సీడాప్ చూస్తుంది. ఏ కోర్సులు నడుస్తున్నాయో సి.సి. గారిని అడగండి.

ఇంటరో డిగ్రీనో చదివి, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే పిల్లలకు గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ ఉంది. 2018లో మొదలైంది. కోర్సెరాలో ఇంటి నుంచే చదవొచ్చు. నెలనెలా ఫీజు ఉంటుంది కాబట్టి త్వరగా ముగిస్తే ఖర్చు తగ్గుతుంది. కట్టలేనివాళ్ళు ఫీజు సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కంప్‌టియా ఏ ప్లస్ అనేది కంపెనీలకు బాగా తెలిసినది. దానికి రెండు పరీక్షలు, రెండింటికీ విడివిడిగా ఫీజు, రెండూ పాస్ కావాల. మూడేండ్ల తర్వాత రెన్యూ చేసుకోవాల. ఇంగ్లీషులో చదివి రాయాల, తెలుగులో లేదు. మంచిదే, కానీ చేతికి పని రాకముందే దానికి అప్పు చేయొద్దు. సి.సి.ఎన్.ఎ. నెట్‌వర్క్ పనికి. అది రెండో మెట్టు.

వీటన్నిటికంటే ముందు ఫీజు లేనిది ఒకటి చేయించండి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో మొదటి మెట్టు కోర్సులు ఆన్‌లైన్లో ఉచితం. పాత కంప్యూటర్ ఒకటి దొరికితే విప్పి మళ్ళీ బిగించమనండి. నెల రోజులు విడవకుండా చేస్తే ఆ పిల్లకు ఇష్టముందని అర్థం. నాలుగు రోజులకే వదిలేస్తే మన 30 వేలు మిగిలినట్టే.

అందుకని అన్ని సంఘాలకు ఒక మాట. కోర్సు అప్పు వస్తే తీర్మానం రాసే ముందు నాలుగు అడగండి. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు, సెంటరా, సర్కారా, కంపెనీనా? ఈ సర్టిఫికెట్ అడుగుతున్న ఉద్యోగ ప్రకటనలు రెండు చూపించగలరా? ఫీజు లేని కోర్సు ఒకటన్నా పూర్తి చేసినారా? ఫీజు ఒకేసారి కట్టాల్నా, విడతలుగానా? విడతలుగా అయితే మనం కూడా విడతలుగానే ఇద్దాం. ఆడపిల్ల అడిగినా ఇవే ప్రశ్నలు. పెండ్లి చేస్తే పోతుందిలే అని ఆమె దరఖాస్తు మాత్రం పక్కన పెట్టొద్దు.

ఆ అక్క కొడుకు ఇప్పుడు టౌన్లో కంప్యూటర్ రిపేరు షాపులో పని నేర్చుకుంటున్నాడు. రాత్రిపూట ఉచిత కోర్సు చదువుతున్నాడు. జీతం తక్కువే. కానీ పోయిన నెల మా సంఘం మీటింగుకు వచ్చి, మా బుక్ కీపర్ దగ్గర ఆగిపోయిన ప్రింటర్ చూసినాడు. మొదట వైరు చూసినాడు, తర్వాత కాగితం, తర్వాత కంప్యూటర్లో సెట్టింగు. పది నిమిషాల్లో నడిచింది. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకు జవాబు అదే. వాళ్ళమ్మ చూస్తా నిలబడింది. ఆ రోజు నేను కాస్త తల ఎత్తినాను.