మృత్యువు అందరికిని సమానమేనా?
(నిర్ణా పాఠశాల వార్షికోత్సవ సభయందు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



పిల్లల ఆటపాటలతో కళకళలాడు ఈ సభలో మరణమును గూర్చి మాటలాడుట అనుచితమని కొందరికి తోచవచ్చును. కాని ఈ పిల్లలు నిండు నూరేండ్లు జీవింపవలెనని కోరువారమే గనుక, ఆ కోరికకు అడ్డువచ్చున దేమియో తెలిసికొనుట మన విధి.

చావు రాజునకును పేదకును ఒక్కటే యని పెద్దలందురు. చావు తప్పదన్న మాట నిజమే. కాని అది వచ్చు వయస్సు మాత్రము అందరికిని ఒక్కటి కాదు. మన దేశమున 1971లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది తొలి పుట్టినరోజు చూడకుండగనే కన్నుమూసిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గినది. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే అదే సంవత్సరమున కేరళలో ఆ సంఖ్య 6 మాత్రమే, మధ్యప్రదేశములో 43, మన కర్ణాటకములో 19, తెలంగాణమున 21, ఆంధ్రప్రదేశమున 24. ఇది నుదుటివ్రాతయే యైనచో, బ్రహ్మదేవుడు రాష్ట్రముల పొలిమేరలు చూచి వ్రాయునా?

తల్లుల విషయము చూడుడు. 2018-20 సంవత్సరముల లెక్కల ప్రకారము, లక్ష జననములకు ప్రసవ సంబంధమైన కారణములచే మరణించిన తల్లులు కేరళలో 19 మంది, తెలంగాణమున 43 మంది, కర్ణాటకములో 69 మంది. శిశువుల లెక్కలో తెలంగాణముకంటె కొంచెము మేలుగా నున్న మన రాష్ట్రము, తల్లుల లెక్కలో వెనుకబడి యున్నది.

ఒకే రాష్ట్రములోను, ఒకే ఊరిలోను సైతము భేదము కలదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేండ్లు నిండకముందే మరణించిన పిల్లలు మిక్కిలి బీదకుటుంబములలో వేయికి 72 మంది, మిక్కిలి కలవారి యిండ్లలో 23 మంది. షెడ్యూల్డు కులములలో 56, తెగలలో 57 కాగా, ఇతరులలో 39. రోగక్రిమికి కులము తెలియదు. కాని మంచినీటి బావి యెవరి వాడకు దగ్గర, వైద్యుని గడప యెవరికి దూరము అన్న సంగతులను కులము చిరకాలము నిర్ణయించినది.

అమెరికాలోను ఇదియే కథ. అచటి నల్లజాతివారు అల్పాయుష్కులగుటకు వారి రక్తమే కారణమని ఒకప్పుడు పండితులు సైతము చెప్పిరి. డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ అను నల్లజాతి విద్వాంసుడు 1906లో లెక్కలు చూపి, కారణము రక్తము కాదు, బ్రతుకు పరిస్థితులే యని వాదించెను. 1990లో ఇద్దరు వైద్యులు ప్రకటించిన పరిశీలన ప్రకారము, సంపన్నమైన న్యూయార్కు నగరములోని హార్లెమ్ పేటలో నల్లజాతి పురుషుడు 65 ఏండ్లు జీవించు అవకాశము బంగ్లాదేశ పురుషునికంటె తక్కువ. 2022లో సైతము ఆ దేశమున నల్లజాతి శిశుమరణములు వేయికి సుమారు 11, తెల్లవారిలో 4.5. దేశము ధనవంతమైనంత మాత్రమున అందరి ప్రాణములకును రక్ష లేదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన సీమ మాట. బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ప్రాంతీయ అసమానతలను పరిశీలించిన నంజుండప్ప సంఘము 2002లో మిక్కిలి వెనుకబడిన తాలూకాలు 39 అని గుర్తింపగా, వానిలో 21 మన గుల్బర్గా విభాగములోనివే. ఆస్పత్రి దూరము, రక్తహీనత, బాల్యవివాహము అను మూడు శత్రువులు తల్లిని చుట్టుముట్టుచున్నవి. ఇంటిల్లిపాది తిన్న పిమ్మట మిగిలిన జొన్నరొట్టెయే కోడలికి దక్కు ఇంటిలో, ఆమెకు రక్తమెట్లు పట్టును?

నిరాశ వలదు. 1971లో శరణార్థుల శిబిరమున కలరా ప్రబలినప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర మున్నగువానిని కలిపిన నీటిని త్రాగించి, నూటికి 30 వరకు నున్న మరణములను 3.6కు తగ్గించెను. తెలంగాణమునకు పొరుగున గల గడ్చిరోలిలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు గ్రామస్త్రీలకే శిక్షణ మిచ్చి, ఇంటనే నవజాత శిశువులను కాపాడింపగా, అట్టి సేవ లేని గ్రామములతో పోల్చి చూచినచో మరణములు నూటికి 62 వంతులు తగ్గినవని 1999లో ప్రకటింపబడినది. ఇవి కోట్లతో సాధించినవి కావు.

మన బోటి అల్పసంఖ్యాక భాషాకుటుంబములకు మరియొక చిక్కు కలదు. ఆస్పత్రిలో నిచ్చు తాయి కార్డు కన్నడమున నుండును. వైద్యుని మాట కన్నడము. ఇంట తెలుగు మాత్రమే యెరిగిన తల్లి, మందు ఎన్నిపూటలో, మరల ఎప్పుడు రావలెనో తెలియక, తల యూపి యింటికి వచ్చుచున్నది. కావున మాతృభాషను ప్రాణప్రదముగా కాపాడుకొనుచునే, మన బాలికలకు కన్నడమును చక్కగా నేర్పింపవలెను. తెలుగు మనకు తల్లి. కన్నడము మనకు అన్నము పెట్టుచున్న పెద్దమ్మ. ఒకరి యొడిలో నుండి మరియొకరిని పలుకరించుట తప్పు కాదు.

తల్లిదండ్రులారా! నా విన్నపములు నాలుగు. కూతురిని పదునెనిమిదేండ్లు నిండకుండ పెండ్లిపీటల మీద కూర్చుండబెట్టకుడు. ఏడవ తరగతితో బడి మాన్పింపకుడు. ప్రసవమునకు ఆస్పత్రి నాశ్రయింపుడు. నొప్పులు మొదలైనంతనే 108కి కబురు చేయుడు. బిడ్డకు విరేచనములైనప్పుడు నీరు మాన్పక, ఓ.ఆర్.ఎస్. త్రాగించుచు వైద్యునికి చూపుడు. గర్భిణికి ఆకుకూర, పప్పు తక్కువ కాకుండ, అందరితోబాటు వేళకు వడ్డింపుడు.

ప్రభుత్వము చేయవలసినది చాల కలదు. దానిని మనము అడుగవలసినదే. కాని అడుగుటకు అక్షరము కావలెను. ఏ వైద్యశాలకైనను పునాది పాఠశాలయే. మీ కుమార్తెలను ఈ గడప దాటి పైచదువులకు పోనిండు. వారి బిడ్డల ఆయుష్షు అందు కలదు.