మంటల్లోకి వెళ్లేవారికి మన అండ

అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో సగానికి పైగా జీతం తీసుకోని వాలంటీర్లే. వాళ్లు వేసుకునే కోటు, ప్యాంటులో మూడు పొరలుంటాయి. పైపొర మంటను తట్టుకుంటుంది, మధ్యది నీటిని ఆపుతుంది, లోపలిది వేడిని అడ్డుకుంటుంది. చిరుగు లేకపోయినా, తయారైన 10 ఏళ్లకు వీటిని పక్కన పెట్టాలన్నది అక్కడి ప్రమాణం. చిన్న ఊళ్లకు ఈ ఖర్చు పెద్ద భారమే. అందుకే పాన్‌కేక్ విందులు పెట్టి చందాలు పోగుచేస్తారు. 2001 నుంచి ఫెడరల్ ప్రభుత్వమూ గ్రాంట్లు ఇస్తోంది. ఫైర్ స్టేషన్ పరిధిలో 20 వేల లోపు జనాభా ఉంటే, గ్రాంటులో 5 శాతానికి సమానమైన సొమ్ము సొంతంగా సమకూర్చుకోవాలి. అయితే అడిగినవారందరికీ గ్రాంటు దొరకదు. అక్కడ స్థిరపడిన తెలుగువారు తమ ఊరి ఫైర్ స్టేషన్‌కు తోచినంత విరాళం ఇవ్వాలి. మన ఇళ్లను కాపాడేవారిని కాపాడుకోవడం మన బాధ్యత.