స్కాన్ అంటే భయమెందుకు?

ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళకు మళ్ళీ మళ్ళీ స్కాన్ తీయాల్సి రావచ్చు. రాజమండ్రికో కాకినాడకో వెళ్ళి, భయపడి తిరిగొస్తే జబ్బు ఆగుతుందా?

ఎం.ఆర్.ఐ. అంటే పెద్ద అయస్కాంతం. కోత లేదు. నొప్పి లేదు. ఇనుము దాని దగ్గరకు పోకూడదు. పిన్నీసులు, గాజులు, నగలు తీసెయ్యాలి. పుస్తెలు తీయాలంటే బెంగ వద్దు. ఉత్త నూలుతాడుకు పసుపుకొమ్ము కట్టి వేసుకోవచ్చు. ఒంట్లో రాడ్డు, గుండెకు మిషను ఉన్నా, కడుపుతో ఉన్నా ముందే చెప్పాలి.

లోపల పెద్ద మోత. అది గోదావరి వంతెన మీద రైలు మోతలాంటిదే. చెవులకు అడ్డు ఇమ్మని అడగాలి. కళ్ళు మూసుకుని, మెల్లగా ఊపిరి తీసి వదలాలి. కదిలితే బొమ్మ చెదురుతుంది. మళ్ళీ తీస్తారు. చేతికి బెల్లు ఇస్తారు. భయమేస్తే నొక్కొచ్చు. వంతెన ఎంత పొడవైనా కొవ్వూరు రాక మానుతుందా?