పాత లారీ ఎక్కుడు దారిలో ఏల తడబడును?



విజయనగరము నుండి గజపతినగరము, రామభద్రపురము మీదుగా సాలూరు వరకు బరువుతో చక్కగా వచ్చిన పాత లారీ, సాలూరు దాటి సుంకి వైపు ఘాటీ ఎక్కునప్పుడు తడబడుట కలదు. డ్రైవరు ఆక్సిలరేటరు త్రొక్కును. ఇంజను క్షణకాలము వెనుకాడి, పిమ్మట మెల్లగా అందుకొనును. “పికప్పు లేదు, బండి లాగుట లేదు” అని డ్రైవరు చెప్పును. “పంపు పోయినది, విప్పవలెను” అని ప్రక్కవారు తీర్పు చెప్పుదురు. పంపు విప్పుట యన్నచో వేల రూపాయల వ్యయము, కొన్ని దినముల కిరాయి నష్టము. లారీపై కిస్తీ కట్టుచున్న ఇంటికి ఇది చిన్న మాట కాదు. కావున పంపుపై చేయి వేయుటకు ముందు ఏయే భాగములను, ఏ వరుసలో చూడవలెనో మనవి చేయదలచితిమి.

1954లో టాటావారు జంషెడ్‌పూరులో బెంజి సంస్థ తోడ్పాటుతో లారీల తయారీ ఆరంభించిరి. నాటి డీజిలు లారీలకును, తరువాత అనేక సంవత్సరములు వచ్చిన లారీలకును సూత్రమొక్కటే. పంపు డీజిలును కొలిచి పంపును. నాజిలు దానిని తుంపురుగా చిమ్మును. ఒత్తిడిచే వేడెక్కిన గాలి దానిని మండించును. ఎలక్ట్రానిక్ పద్ధతిపై నడచు క్రొత్త లారీలకు పరీక్షలు వేరు. మేము చెప్పునది పాతవానిని గూర్చియే.

మొదట ఒక ప్రశ్న. సమతలమున లేని జబ్బు ఘాటీలో ఏల కనబడును? చదునైన దారిలో ఇంజను తన బలములో కొంత మాత్రమే వాడును. సగము మూసుకొనిపోయిన ఫిల్టరు సైతము అంతమాత్రపు డీజిలును అందించగలదు. ఎక్కుడులో పూర్తి బలము కావలెను, పూర్తి డీజిలు కావలెను. అప్పుడు కొరత బయటపడును. ఘాటీ జబ్బును పుట్టించదు, ఉన్నదానిని చూపును.

అయితే కొంత తగ్గుదల సహజము. కొరాపుట్టు సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున నున్నది. ఎత్తు పెరిగిన కొలది గాలి పలుచనగును. టర్బో లేని ఇంజను ప్రతి 300 మీటర్లకు నూటికి దాదాపు 3 పాళ్ల బలము కోల్పోవును. ఈ తగ్గుదలను జబ్బుగా భావింపరాదు.

ఇక ఇంజను కానివానిని చూడవలెను. ఇంజను మ్రోత పెరిగియు బండి వేగము పెరగనిచో అది క్లచ్చి జారుట. కొంత దూరము నడిపి ఆపినప్పుడు ఒక చక్రపు డ్రమ్ము తక్కినవానికంటె మిక్కిలి వేడిగా నున్నచో, అచట బ్రేకు పట్టి యున్నదని అర్థము. పెడలు పూర్తిగా త్రొక్కినను పంపు మీది మీట చివరి వరకు తిరుగనిచో దోషము కడ్డీలది. ఈ పరీక్షలకు కాసు ఖర్చు లేదు.

పిమ్మట పొగను చూడుడు. బలము తగ్గి పొగయు లేనిచో డీజిలు అందుట లేదు. బలము తగ్గి నల్లపొగ వచ్చినచో గాలి చాలుట లేదు, లేదా నాజిలు సరిగా చిమ్ముట లేదు. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ విడువనిచో మండుట ఆలస్యమగుచున్నది, లేదా కంప్రెషను తగ్గినది. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుటకు గుర్తు.

డీజిలు అందుట లేదని తోచినచో ట్యాంకు నుండి ఆరంభింపవలెను. ట్యాంకు మూతకు గాలి రంధ్రము మూసుకొనిపోయినచో లోపల శూన్యము ఏర్పడి డీజిలు కదలదు. మూత వదులు చేయగానే ఇంజను తేరుకొనును. మన తీరప్రాంతపు తేమగాలికి ఖాళీ ట్యాంకులో నీరు దిగును. తెల్లవారుజామున, బండి కదలకమునుపు, అడుగు బిరడా విప్పి నీటిని, త్రుప్పును తీసివేయుడు.

ట్యాంకు నుండి ఫీడ్ పంపు వరకు గల గొట్టము మోసకారి. అందులో చీలిక యున్నను డీజిలు బయటికి కారదు, గాలియే లోనికి పోవును. దీనినే డ్రైవర్లు “ఎయిర్ పట్టినది” అందురు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టినప్పుడు బుడగలు ఆగక వచ్చుచున్నచో ఆ గొట్టమును, వాషర్లను మార్చవలెను. నమ్మకము కుదరనిచో శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, ఇంజనుకంటె ఎత్తున కట్టి, అచటి నుండి ఫీడ్ పంపునకు గొట్టము కలిపి నడిపి చూడుడు. బండి లాగినచో దోషము ట్యాంకు వైపు ఉన్నట్లే. కాగితపు ఫిల్టరును కడిగి మరల వాడుట పొదుపు కాదు.

నల్లపొగ వచ్చు బండికి ముందుగా ఎయిర్ క్లీనరు చూడవలెను. గరివిడి, చీపురుపల్లి ప్రాంతపు మాంగనీసు దారులలోను, టెక్కలి గ్రానైటు క్వారీలలోను తిరిగిన లారీకి ధూళి త్వరగా పట్టును.

ఆపై నాజిళ్లు. సమతలమున, ఇంజను నెమ్మదిగా నడచుచుండగా, మేస్త్రీ ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును గుడ్డ చుట్టి కొద్దిగా వదులు చేయును. ఏ నట్టు వదులు చేసినను ధ్వని మారదో ఆ సిలిండరు పని చేయుట లేదు. ఆ నాజిలును ప్రక్కదానితో మార్చినచో దోషము దానితో పోయినదా, అచటనే నిలిచినదా తెలియును. నిలిచినచో వాల్వులు, కంప్రెషను, పంపు చూడవలెను. నాజిలు చిమ్ము ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. చేయి అడ్డు పెట్టరాదు. గాయము సూదిమొనంత యైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇవన్నియు చూచిన తరువాతనే పంపును విప్పించుట న్యాయము.

ఇందు ధనముకంటె మించినది ప్రాణము. నిండు బరువుతో మలుపున ఇంజను ఆగినచో, గాలి బ్రేకులకు గాలి నింపు యంత్రము కూడ ఆగును. క్లీనరు దిగి చక్రము వెనుక దిమ్మ పెట్టు వరకు బండి, అందలి మనుష్యులు, వెనుక వచ్చువారు అపాయములోనే యుందురు. కావున తడబాటు మొదటిసారి కనబడిననాడే సాలూరులో బండి ఆపి చూపించుడు. ఆ గంట ఆలస్యమునకు డ్రైవరును యజమాని కోపింపరాదు. బండి కొరకు ఇంట ఎదురుచూచువారు యజమానికిని కలరు, డ్రైవరుకును కలరు.